బాలింత పథ్యం: ఒక తల్లి కుక్క, రెండు కాన్పులు

మే నెల రెండో వారం. హనుమకొండలో ఎండ 44 డిగ్రీలు దాటిన రోజు. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఒక కుర్రవాడు తువ్వాలులో చుట్టిన కుక్కపిల్లను తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. తొమ్మిది రోజుల ల్యాబ్రడార్ ఆడకూన. కళ్లింకా తెరవలేదు. మెడ వెనక్కి విరుచుకుపోయింది. ముందుకాళ్లు ఈత కొడుతున్నట్టు ఆడుతున్నాయి. బయట అంత ఎండ మండుతున్నా, తువ్వాలు విప్పేసరికి ఆ ఒళ్లు నా అరచేతికి చల్లగా తగిలింది.

ఆ కుటుంబం అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. ఇరవై ఏళ్లుగా పెంపుడు జంతువులకు వైద్యం చేస్తున్నాను. పిల్ల మెదడుకు వచ్చిన జబ్బుకు మూలం తల్లి తినే గిన్నెలో వెతకాలని నాకు గట్టిగా నేర్పింది ఈ ఇల్లే.

నేపథ్యం

తల్లికి మూడేళ్లు, మొదటి కాన్పు. శాకాహారుల ఇల్లు. కుక్కకు ఎప్పుడూ పెరుగన్నం, అప్పుడప్పుడు ప్యాకెట్ ఆహారం. చూడి అని తెలిసిన రెండో నెల నుంచి, తెలిసినవారెవరో చెప్పారని రోజూ కాల్షియం సిరప్ పట్టారు. నట్టల మందు వేయించలేదు. ఏడు పిల్లలు పుట్టాయి. పుట్టినప్పుడు బరువు చూడలేదు. మూడో రోజు ఒకటి, ఆరో రోజు ఒకటి చనిపోయాయి. మొదట్లో పిల్లలు రాత్రంతా ఏడ్చేవట, తరువాత ఏడుపు తగ్గిందట. తగ్గింది కదా, కుదుటపడ్డాయని ఇంట్లో అనుకున్నారు. కడుపు నిండని కూనలు ముందు ఏడుస్తాయి. ఒంట్లో శక్తి అయిపోయాక ఏడుపు ఆపేస్తాయి.

మొదటి గంట

కూన బరువు 410 గ్రాములు. ల్యాబ్రడార్ పిల్ల పుట్టినప్పుడే సుమారుగా అంత ఉంటుంది. తొమ్మిదో రోజుకు దాదాపు రెట్టింపు కావలసింది. గుద ఉష్ణోగ్రత 34.1 డిగ్రీలు. గ్లూకోమీటర్ రక్తంలో చక్కెర 31 చూపింది. రెండూ బాగా తక్కువే.

ఇలాంటి మూర్ఛ చూడగానే ఇన్ఫెక్షన్ అనో, పుట్టుకతో వచ్చిన లోపమనో తోస్తుంది. నేను చక్కెరను ముందు అనుమానించడానికి కారణం ఉంది. ఆ వయసు కూన కాలేయంలో గ్లైకోజన్, అంటే దాచుకున్న చక్కెర, నిల్వ చాలా తక్కువ. కొన్ని గంటలు పాలు అందకపోతే అది అడుగంటుతుంది. మెదడు దాదాపుగా గ్లూకోజ్ మీదే బతుకుతుంది కాబట్టి మొదట దెబ్బ తినేది అదే. 25 శాతం డెక్స్ట్రోజ్‌ను 10 శాతానికి పలుచన చేసి, మెడ సిరలోకి నెమ్మదిగా ఒక మిల్లీలీటరు ఇచ్చాను. నోటి ద్వారా పాలు పట్టమని కుర్రవాడు బతిమాలాడు. నేను ఒప్పుకోలేదు. ఒళ్లు చల్లబడిన కూనకు పేగులు కదలవు. పట్టిన పాలు కడుపులో నిలిచిపోతాయి, లేదా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు వెచ్చదనం, ఆ తరువాతే పాలు. గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాల మధ్య పెట్టి గంటకు పైగా సమయం తీసుకుని ఒంటి వేడిని పెంచాం. పది నిమిషాలకు కాళ్లు ఆడటం ఆగింది. గంట దాటాక చిటికెన వేలు నోటి దగ్గర పెడితే చప్పరించింది.

పిల్లల ఎదురుగా ఎయిర్ కూలర్ పెట్టామని కుర్రవాడు చెప్పాడు. మొదటి రెండు మూడు వారాలు కూనలు తమ ఒంటి వేడిని తాము నిలుపుకోలేవు. మొదటి వారంలో వాటి చుట్టూ 29 నుంచి 32 డిగ్రీలు ఉండాలి. కూలర్ తీసేయమన్నాను. కుక్కపిల్లల పాలపొడి రాసిచ్చి, రెండు మూడు గంటలకోసారి పట్టమని చెప్పి పంపించాను. ఒక ప్రాణం నిలబెట్టానన్న తృప్తితో ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాను.

నేను చేసిన పొరపాటు

రెండు రోజులకు అదే తువ్వాలులో మరో కూన వచ్చింది. దాన్ని కాపాడలేకపోయాను.

మామునూరు పశువైద్య కళాశాలలో చదువుతున్న ఒక విద్యార్థి అప్పట్లో నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చేవాడు. ఆ కూనను గుడ్డలో చుడుతూ, "సార్, తల్లిని మనం చూడనే లేదు కదా?" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. తొమ్మిది రోజుల కూనకు తల్లి పాలు తప్ప వేరే లోకం లేదు. వారంలో రెండు పిల్లలు పోయాయని విన్నాక కూడా నేను మూడో పిల్లకు మాత్రమే వైద్యం చేశాను. మంట ఆర్పకుండా పొగను విసిరికొట్టాను. ఆ సాయంత్రమే వాళ్ల ఇంటికి వెళ్లాను.

గదిలో కనిపించినవి

వెనక గదిలో, ఉతికి ఆరేసిన పాత నేత చీర మీద తల్లి పడుకుని ఉంది. గుమ్మానికి వేపమండలు. మూల సాంబ్రాణి పొగ. ఆ ఇంటి పెద్దావిడ కుక్కకు అచ్చంగా కూతురికి చేసినట్టే పురుడు చేస్తున్నారు. పాతబియ్యం అన్నం, నెయ్యి, రెండు పూటలా వెల్లుల్లి కారం. కాచి చల్లార్చిన నీళ్లు రోజుకు రెండు గ్లాసులు.

"బాలింతకు నీళ్లు ఎక్కువ పడితే ఒళ్లు వస్తుంది కదా డాక్టర్ గారూ, అందుకే ఆపుతున్నాను" అన్నారు. ఆవిడ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. పదకొండు రాత్రులుగా ఆ గదిలోనే పడుకుంటున్నారు. పాలు చాలని పిల్లలను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో గేదెపాలు పడుతున్నారు. ఆరో రోజు పోయిన పిల్లకు ముక్కులోంచి పాలు వచ్చాయని చెప్పారు. అది ఎందుకు పోయిందో నాకు అర్థమైంది. ఆ రోజు మాత్రం ఆవిడతో ఆ మాట అనలేకపోయాను. కూనకు పాలు పట్టేటప్పుడు బోర్లా, తల కొంచెం ఎత్తి, తల్లి దగ్గర తాగే భంగిమలోనే ఉంచాలని చేసి చూపించాను. వెల్లకిలా పడుకోబెడితే పాలు శ్వాసనాళంలోకి జారతాయి.

తల్లి బరువు 24 కిలోలు. నడుము ఎముకలు లెక్కపెట్టవచ్చు. చిగుళ్లు పాలిపోయాయి. రక్తంలో ఎర్రకణాల శాతం 24. కాన్పుకు ముందు కొంత తగ్గడం మామూలే కానీ ఇది ఆ తగ్గుదల కాదు. మలపరీక్షలో కొంకి పురుగుల గుడ్లు పుష్కలంగా కనిపించాయి. ఈ పురుగు లార్వాలు తల్లి కండరాల్లో దాగి ఉండి, ఈనిన తరువాత పాల ద్వారా పిల్లలకు చేరతాయి. పిల్లల మలంలో గుడ్లు కనిపించడానికి రెండు వారాలు పడుతుంది. రక్తం పీల్చడం అంతకుముందే మొదలవుతుంది. కాబట్టి పిల్లల మలపరీక్షలో ఏమీ లేదన్నది నాకు ఊరట కాలేదు. రక్తపు స్లైడు మీద అక్కడక్కడ హైంజ్ బాడీలు కూడా ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రకణాలకు చేసే చెరుపు గుర్తు అది. కొద్దిగానే ఉన్నాయి కనుక రక్తహీనతకు ప్రధాన కారణం పురుగులే అని నిర్ధారించుకున్నాను. అయినా పురుగులు తాగేయగా మిగిలిన రక్తాన్ని పథ్యం కూడా కొంత తింటోంది.

తరువాత కాగితం మీద లెక్క వేశాను. ఆ బరువున్న తల్లి నాలుగు పిల్లలకు రెండో వారంలో పాలివ్వాలంటే రోజుకు సుమారు 3,800 కేలరీలు కావాలి. మూడో వారానికి 4,100 దాటుతుంది. అది తింటున్నది ముప్పావు కిలో అన్నం, పావు లీటరు పెరుగు, నాలుగు చెంచాల నెయ్యి. ఎంత ఉదారంగా కూడినా 1,300 కేలరీలు. అవసరంలో మూడో వంతు. నీటిని తీసేసి చూస్తే మాంసకృత్తులు పది శాతం చుట్టూ ఉన్నాయి. చూడి కుక్కలకు, పాలిచ్చే కుక్కలకు అమెరికా దాణా ప్రమాణాలు కనీసం 22.5 శాతం ఉండాలంటాయి. ఇక నీళ్లు. కుక్కపాలలో నాలుగింట మూడు వంతులకు పైగా నీళ్లే. మే నెలలో, వగరుస్తున్న జంతువుకు, రెండు గ్లాసులు.

కాల్షియం సిరప్ గురించి ఆలోచించింది

ఇది నన్ను ఎక్కువసేపు నిలబెట్టిన నిర్ణయం. చూడి సమయంలో బయటి నుంచి కాల్షియం పోస్తే పారాథైరాయిడ్ గ్రంథి బద్ధకిస్తుంది. ఎముకల్లోంచి కాల్షియం తీయవలసిన అవసరం దానికి కలగదు. ఈనిన తరువాత పాలలోకి ఒక్కసారిగా కాల్షియం పోవడం మొదలైతే ఆ గ్రంథి వెంటనే అందుకోలేదు. రక్తంలో కాల్షియం పడిపోయి వణుకు, బిగుసుకుపోవడం, మూర్ఛ వస్తాయి. మొదటి నాలుగు వారాల్లోనే ఈ ప్రమాదం ఎక్కువ. కాబట్టి ఆ సిరప్ మొదలుపెట్టడమే తప్పు. అయితే పాలు ఉరవడిగా పెరిగే వారంలో దాన్ని ఒక్కసారిగా ఆపడం మరో తప్పు అవుతుందనిపించింది. రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే ఉంది. సమతుల ఆహారం పూర్తిగా అలవాటయ్యే వరకు ఆగి, తరువాత పది రోజుల్లో మెల్లగా తగ్గిస్తూ ఆపించాను. తల్లి వగర్చడం, కాళ్లు బిగపట్టి నడవడం కనిపిస్తే అర్ధరాత్రయినా ఫోను చేయమన్నాను. ఆ ఫోను రాలేదు.

ఫలించనివి

మొదటి రోజు నేను ఇచ్చిన సలహా, ప్రతి పుస్తకంలో ఉండేదే. ఉడికించిన గుడ్లు, కోడిమాంసం పెట్టండి అన్నాను. అందరూ తల ఊపారు. మూడు రోజుల తరువాత వెళ్తే గిన్నెలో పెరుగన్నమే ఉంది. ఆ ఇంటి పొయ్యి మీద మాంసం వండరని తెలిసీ ఆ సలహా ఇవ్వడం నా తప్పు. వాళ్లు కాదనలేక ఊరుకున్నారు, నేను అవుననుకున్నాను. మూడు విలువైన రోజులు పోయాయి.

ఆ మూడు రోజుల్లో పెద్దావిడ మనవడు తనంతట తానే ఒక ప్రయత్నం చేశాడు. మెదడు ఎదుగుదలకు ఒమేగా-3 కావాలని ఎక్కడో చదివి అవిసె గింజలు పొడి చేసి తల్లి అన్నంలో కలిపాడు. ఆ శ్రద్ధకు నాకు ముచ్చటేసింది. కానీ అవిసెలో ఉన్నది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. కూన మెదడులో, కంటి రెటీనాలో ఇటుకల్లా పేరుకునేది డీహెచ్ఏ అనే మరో రకం ఒమేగా-3. మొదటిదాన్ని రెండోదిగా మార్చుకునే శక్తి కుక్క శరీరానికి బహు స్వల్పం. తల్లికి అవిసె పెడితే పాలలో అవిసె కొవ్వే పెరుగుతుంది, డీహెచ్ఏ పెరగదు. ఇదంతా కాక, మూడో వంతు తిండితో ఉన్న తల్లికి ముందు కావలసింది కడుపునిండా శక్తి, మాంసకృత్తులు. గోడలు లేని ఇంటికి సున్నం గురించి మాట్లాడుకుంటున్నాం మేం.

మాట కలిసిన చోటు

రెండోసారి వెళ్లినప్పుడు ఆహారం ఊసెత్తలేదు. పెద్దావిడ చేతిని పట్టుకుని తల్లి వెన్ను మీద పెట్టాను. ఎముక ఎముకా తగిలింది. "మీ కోడలి పురుడప్పుడు బిడ్డ బరువు రెట్టింపు కావడానికి ఎన్నాళ్లు పట్టిందమ్మా?" అని అడిగాను. అయిదు నెలలన్నారు. "ఈ పిల్లలు పది రోజుల్లో రెట్టింపు కావాలి. అదీ ఒకటి కాదు, నాలుగు" అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "అయితే దీనికి మన పథ్యం సరిపోదు" అన్నారు చివరికి. నేను అనవలసిన మాట ఆవిడే అన్నారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో నాకు ఎదురు లేదు.

గేదెపాలు ఎందుకు చాలవో కూడా అప్పుడే చెప్పాను. కుక్కపాలలో మాంసకృత్తులు ఏడెనిమిది శాతం, గేదెపాలలో నాలుగు. లాక్టోజ్ మాత్రం గేదెపాలలోనే ఎక్కువ. అందుకే కూనలకు విరేచనాలు అవుతున్నాయి.

పదిహేనో రోజు నుంచి కుక్కపిల్లల ప్యాకెట్ ఆహారం తల్లికి మొదలుపెట్టాం. డబ్బాను పెరట్లో ఉంచుకుంటే వంటింటికి సంబంధం ఉండదు. లేబుల్ మీద చేపనూనె, డీహెచ్ఏ ఉన్నాయో లేదో చూసి కొనిపించాను. ఆకలితో ఉన్న పేగులకు ఒక్కసారిగా కిలో ఆహారం పెడితే విరేచనాలు ఖాయం. కాబట్టి మొదటి రోజు 300 గ్రాములు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి దాని పెరుగన్నంలోనే కలిపాం. అయిదు రోజుల్లో కిలోకు చేర్చాం. రోజుకు అయిదు సార్లు. పక్కనే ఎప్పుడూ నిండుగా నీళ్ల బేసిన్. వెల్లుల్లి, సాంబ్రాణి ఆగాయి. తల్లికి ఫెన్‌బెండజోల్ అనే నట్టల మందు ఇచ్చాను. పిల్లలకు రెండు వారాలు నిండగానే నట్టల మందు మొదలుపెట్టి, రెండు వారాలకోసారి చొప్పున ఎనిమిదో వారం దాకా వేశాం.

మనవడు వంటింటి త్రాసు మీద పొద్దున్నే నాలుగు పిల్లలనూ తూచి నోటుపుస్తకంలో రాసేవాడు. పదిహేనో రోజు దాకా అంకెలు కదల్లేదు. పద్దెనిమిదో రోజు నుంచి ఒక్కో పిల్ల రోజుకు ముప్పై, నలభై గ్రాములు పెరిగింది. మామూలుగా పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెరుచుకునే కళ్లు వీటికి పదిహేడో రోజున తెరుచుకున్నాయి. మూర్ఛ వచ్చిన ఆడకూనకు పంతొమ్మిదో రోజున.

ఏడో వారం

టీకాకు తెచ్చినప్పుడు నేను ఒక చిన్న పరీక్ష పెడతాను. తీగల పంజరపు తలుపు ఒకటి నేల మీద అడ్డంగా నిలబెట్టి, అవతల తిండి గిన్నె ఉంచుతాను. గిన్నె కనిపిస్తుంది, తిన్నగా అందదు. పక్కనుంచి చుట్టి వెళ్లాలి. ఇద్దరు అన్నదమ్ములు నిమిషంలోపు దారి కనుక్కున్నారు. మూడోది కొంచెం తడబడింది. ఆడకూన తీగల్లోకి ముక్కు దూర్చి నాలుగు నిమిషాలు అక్కడే నిలబడింది. దారి పక్కనే ఉంది. గిన్నె మీంచి చూపు తిప్పలేకపోయింది. ఆ నాలుగు నిమిషాలూ నేను గడియారం చూస్తూ, తొమ్మిదో రోజు సాయంత్రం తృప్తిగా ఇంటికి వెళ్లిన సంగతి తలుచుకున్నాను.

దాన్ని ఎవరికీ ఇవ్వవద్దని, తమ దగ్గరే ఉంచుకుంటామని పెద్దావిడ చెప్పారు.

రెండో కాన్పు

మొదటి కాన్పు తరువాత పద్దెనిమిది నెలలకు రెండోది. ఈసారి ఎదకు రాకముందే తల్లిని తీసుకొచ్చారు. బరువు 27 కిలోలు, రక్తం బాగుంది. కుక్క గర్భం సుమారు 63 రోజులు. మొదటి అయిదు వారాలు తిండి పెంచనివ్వలేదు. అప్పటికి పిల్లలు చాలా చిన్నవి, పెంచిన తిండి తల్లికి కొవ్వుగా మారి కాన్పును కష్టం చేస్తుంది. ఆ అయిదు వారాలూ ఎదిగిన కుక్కల ఆహారమే తింటోంది కాబట్టి, డీహెచ్ఏ కోసం సముద్రపు సూక్ష్మ నాచు నుంచి తీసిన నూనె క్యాప్సూల్ రోజుకొకటి ఇచ్చాం. చేపలకు డీహెచ్ఏ వచ్చేది అసలు ఆ నాచు నుంచే అని చెప్తే పెద్దావిడ సంతోషంగా ఒప్పుకున్నారు. బంధువులెవరో కాడ్ లివర్ ఆయిల్ తెచ్చారు. దాన్ని మాత్రం గట్టిగా వద్దన్నాను. అది చేప కాలేయపు నూనె, అందులో విటమిన్ ఎ చాలా ఎక్కువ. చూడి సమయంలో అది మితిమీరితే పిల్లల అంగిలి చీలికల వంటి లోపాలు వస్తాయి.

ఆరో వారం నుంచి కుక్కపిల్లల ఆహారానికి మార్చి, వారం వారం కొంచెం పెంచాం. అందులో చేపనూనె ఉంది కనుక నాచునూనె ఆపేశాను, ఒమేగా-3 అతి అయినా మంచిది కాదు. నలభయ్యో రోజు నుంచి ఈనిన పద్నాలుగో రోజు వరకు ప్రతిరోజూ కిలోకు 50 మిల్లీగ్రాముల లెక్కన ఫెన్‌బెండజోల్. పాల ద్వారా పోయే లార్వాలను ఆపడానికి ఇదొక దారి. కాల్షియం సిరప్ చుక్క కూడా లేదు.

నవంబరులో ఆరు పిల్లలు పుట్టాయి, ఆరూ దక్కాయి. బరువులు 380 నుంచి 450 గ్రాములు. పదో రోజుకు అన్నీ రెట్టింపు. కళ్లు పదకొండు నుంచి పదమూడో రోజు మధ్య తెరుచుకున్నాయి. ఏడో వారంలో తీగల తలుపును అయిదు పిల్లలు నిమిషంలోపు చుట్టి వెళ్లాయి, ఆరోది నిమిషంన్నర తీసుకుంది. తరువాత తల్లికి కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేశాను.

ఈ తేడా అంతా డీహెచ్ఏ మహిమ అని నేను చెప్పను. 2012లో బీగల్ కూనల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, పాలు మానాక డీహెచ్ఏ ఎక్కువున్న ఆహారం తిన్నవి నేర్చుకోవడంలో, గుర్తుపెట్టుకోవడంలో ముందున్నాయి. అది నమ్మదగిన మాట. కానీ ఈ ఇంట్లో ఒకేసారి చాలా మారాయి. కడుపునిండా తిండి, మాంసకృత్తులు, నీళ్లు, పురుగులు లేని పాలు, పడిపోని చక్కెర. ఇనుము చాలకపోయినా నరాల మీది మైలిన్ పొర సరిగా ఏర్పడదు కాబట్టి, కొంకి పురుగులు చేసింది మెదడుకు కూడా చేటే. రెండోసారి మనవడు పిల్లలను మూడో వారం నుంచి రోజూ ఒళ్లోకి తీసుకుని ఆడించాడు, అదీ మెదడుకు మేతే. వీటిలో నాకు ఒక్కటే ఎంచుకునే వీలుంటే, క్యాప్సూల్ కంటే ముందు తల్లి గిన్నెను నింపుతాను. మొదటి కాన్పులో కొవ్వు రకం తప్పడం కంటే కొలత తప్పడమే పెద్ద నష్టం చేసిందని నా నమ్మకం.

ఇప్పుడు నా దగ్గరకు నాలుగు వారాల లోపు కూనను తెస్తే తల్లిని కూడా ఆటోలో ఎక్కించుకు రమ్మంటాను. రాలేకపోతే నేనే వెళ్తాను. తల్లి వెన్ను తడిమి, చిగుళ్లు చూసి, నిన్న పొద్దుటి నుంచి అది తిన్నదంతా ఇంట్లోవాళ్ల చేత గిన్నెలతో సహా చెప్పించుకుంటాను. ఇంట్లో ఏం వండుతారో, ఏం వండరో కూడా ముందే అడుగుతాను.

ఆ ఆడకూనకు ఇప్పుడు నాలుగేళ్లు. ఆరోగ్యంగా ఉంది, మూర్ఛ మళ్లీ రాలేదు. 'కూర్చో' అన్న మాట నేర్చుకోవడానికి తొమ్మిది నెలలు పట్టింది. పేరు పెట్టి పిలిస్తే ముందు గోడ వైపు చూస్తుంది, తరువాత పెద్దావిడ వైపు చూస్తుంది, అప్పుడు వస్తుంది. ఆవిడ అంతసేపూ చేయి చాపి అలాగే కూర్చుంటారు.